ఎర్ర సైకిలు మీద ధనంజయ ఫిర్యాదు

సత్యవేడు చుట్టుపక్కల చెరకు రైతుల్లో ధనంజయను ఎరుగనివారు లేరు. చక్కెర మిల్లులో ఇరవై మూడేళ్లుగా ఆయన ఫీల్డ్‌మన్. రోజూ సైకిలు మీద ఊరూరా తిరిగి, ఎవరి తోట పక్వానికి వచ్చిందో గడ కొరికి చూసి, కోత ఉత్తరువు రాసివ్వడం ఆయన పని. బయలుదేరిన వేళ, చేరిన వేళ, ఆనాటి ఎండ, గాలి, అన్నీ పర్యటన డైరీలో ఎక్కేవి. అట్ట ఊడిన తొలి డైరీ మొదలుకొని ఒక్కటీ పోకుండా ట్రంకు పెట్టెలో ఉండేవి. మిల్లువాళ్లు తమ కాగితాలు తాము పోగొట్టుకున్నప్పుడు ఆ పెట్టె దగ్గరికే మనిషిని పంపేవారు.

రెండువేల సంవత్సరం జూన్‌లో మిల్లు పాత ఆకుపచ్చ సైకిళ్లను వెనక్కి తీసుకొని, కొత్తగా ఎర్రవి ఇచ్చింది. ఆగస్టులో సర్క్యులరు వచ్చింది. రానున్న సీజను నుంచి ఫీల్డ్‌మన్ రోజుకు ఎనిమిది ఊళ్లు చూడాలి. చూడలేనివారిని గేటు దగ్గర బండ్లకు చీట్లు రాసే పనికి మారుస్తారు. ఇరవై మూడేళ్లు ఒక మనిషి మోకాళ్లను వాడుకున్న సంస్థ, ఈ ఎనిమిదన్న అంకెను ఎవరి మోకాళ్లను చూసి నిర్ణయించిందో అందులో లేదు. ధనంజయకు యాభై ఐదేళ్లు. ఆరు ఊళ్లకే పొద్దు వాలిపోతోంది. తోటల్లో తిరగవలసినవాడు గేటు దగ్గర కుర్చీలో కూర్చోవడం ఆయన ఊహకు అందనిది.

తప్పు సైకిలుదేనని ఆయన గట్టి నమ్మకం. దాసుకుప్పం దారిలో కాలువ వంతెన మీదికి ఆకుపచ్చ సైకిలు తనంతట తాను ఎక్కినట్టుండేది. ఎర్రదాన్ని ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టుంది. పైగా బరువు. మూడు అర్జీలు పెట్టాడు. మూడింటికీ జవాబు రాలేదు. అందినట్టు ముద్ర వేసిన నకళ్లు మాత్రం పెట్టెలో చేరాయి.

బజారులో సైకిలు షాపు మునికృష్ణ, మిల్లు అమ్మేసిన పాత సైకిళ్లలో ధనంజయ తొక్కినదాన్నే కొన్నాడు. రెండింటినీ బెల్లం మండీలో కాటా మీద పెట్టించారు. పాతది ఇరవై రెండున్నర కిలోలు. కొత్తది ఇరవై ఒకటి.

"సూడన్నా, కొత్తదే కిలోన్నర తక్కువ," అన్నాడు మునికృష్ణ.

"అట్లయితే రంగులో ఉండాది."

"రంగులోనా? ఎర్రబస్సు తిరపతి కొండెక్కతా ఉండాది. నీ సైకిలు కాలవ గట్టు ఎక్కలేదా?"

"బస్సుకు ఇంజను ఉండాది. దీనికుండేది నేనే గదప్పా."

మునికృష్ణ జేబులోని స్పానరు తీసి తుడవసాగాడు.

కొన్ని రంగులు ఎండ వేడిని ఎక్కువగా పీలుస్తాయన్న వాక్యాన్ని ధనంజయ హైస్కూలు పుస్తకంలో వెతికి పట్టుకొని, ఎత్తిరాసి డైరీలో అతికించాడు. ఆ ఆదివారం మునికృష్ణ చేత సైకిలుకు ఆకుపచ్చ రంగు వేయించాడు. రంగు వేయకముందు దాసుకుప్పానికి యాభై రెండు నిమిషాలు పట్టేది. మొదటి మూడు రోజులూ నలభై నాలుగే పట్టింది. ఆ మూడు సాయంత్రాలూ ఇంట్లో ఆయన గొంతు పెద్దదైంది. నాలుగో రోజు యాభై ఒకటి. ఐదో రోజు యాభై మూడు.

"ఏమయ్యా, డబ్బాలో ఇంకా రంగు మిగిలుండాదే," అంది భార్య పంకజాక్షి, ఆయన కాళ్లకు వేడినీళ్లు పెడుతూ. "మోకాళ్లకు పూసుకోరాదా?"

ఆయన నవ్వలేదు. పైన ఏది పూసినా అడుగున ఎరుపు ఉండనే ఉందని వాదించాడు. ఆ వాదంతోనే తొమ్మిది పేజీల అర్జీ రాశాడు. కాటా చీటీ, పుస్తకం నకలు జతచేశాడు. పాత సైకిలు వేగానికి రుజువుగా ఒక్క ఏడాది డైరీ చాలు. కానీ సగం కాగితం చూపించడం అబద్ధంతో సమానమని ఆయన నియమం. ఐదేళ్ల డైరీలూ మోసుకుపోయి, మిల్లులో చెరకు వ్యవహారాలు చూసే కేన్ మేనేజరు ప్రతాప్ బల్ల మీద పెట్టాడు.

ప్రతాప్ ఉద్యోగంలో కొత్తవాడు. అంతకు ముందు ఏ అధికారీ చేయని పని చేశాడు: కూర్చొని అన్నీ చదివాడు.

"ధనంజయగారూ, ఇదంతా మీరే రాశారా?"

"నా చేతిరాతే సార్. ఒక్క కొట్టివేత ఉండదు."

"తొంభై ఆరులో దాసుకుప్పానికి ముప్పై ఆరు నిమిషాలు. తొంభై ఎనిమిదిలో నలభై రెండు. ఈ ఏడు మే నెలలో యాభై ఒకటి. ఎర్ర సైకిలు ఎప్పుడిచ్చారు?"

"జూన్ పన్నెండు."

మేలో తొక్కింది ఆకుపచ్చదేనని ఆ తేదీ చెప్పాక గానీ ఆయనకు తట్టలేదు. ఎదురుగాలి అనబోయాడు. మే నెల పేజీ మీద, గాలి అన్న గడిలో, వరుసగా తన అక్షరాలే కనిపించాయి: లేదు, లేదు, లేదు.

"మరి రంగు మార్చాక ఈ మూడు రోజుల నలభై నాలుగు?" ప్రతాప్ గొంతులో, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనన్న వెతుకులాట ఉంది.

ఆ ఒక్క సందునూ ధనంజయే మూసేశాడు.

"పట్టుబట్టి తొక్కినాను సార్. నాలుగో దినం కాళ్లు లేయలే."

ప్రతాప్ డైరీలను వచ్చిన వరుసలోనే పేర్చి తిరిగి ఇచ్చాడు. డిసెంబరు ఒకటి నుంచి గేటు అని ఉత్తరువు వచ్చింది.

ఆ ముందురోజు సాయంత్రం సైకిలును స్టోరులో అప్పగించాడు. స్టోరు గుమాస్తా అచ్చు ఫారం తోసి, "మామూలుగా రాసెయ్యన్నా, ఎవురు సూస్తారు," అన్నాడు. ధనంజయ కళ్లజోడు తుడిచి పెట్టుకొని, గడి గడికీ ఆగి రాశాడు.

బరువు: ఇరవై ఒక్క కిలోలు. రంగు: ఆకుపచ్చ, అడుగున ఎరుపు. నడక: తేలిక. ఫిర్యాదు: లేదు.

సంతకం చేసి, తేదీ వేసి, కాగితం వెనక్కి తోశాడు.

"నకలు ఒకటి నాకియ్యప్పా," అన్నాడు.