నలుగు పాట ఉన్న మెమొరీ కార్డు

2022 ఎండాకాలం. బిలాస్‌పూర్‌లోని తెలిపారా బజారులో నాది చిన్న డేటా రికవరీ దుకాణం. పాడైన కార్డుల్లోంచి, హార్డ్ డిస్కుల్లోంచి పోయిన ఫైళ్లు బయటికి తీయడం నా పని. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నానన్న గొప్ప కోసం దాని లైసెన్సుకు ఫ్రేము కట్టించి, దేవుడి పటం పక్కన మేకుకు తగిలించాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకరోజు ఊళ్లోనే ఉన్న కుదుదండ్ నుంచి సత్యవతి పిన్ని వచ్చింది. మాలాగే వాళ్లదీ శ్రీకాకుళం నుంచి రైల్వే పనికొచ్చిన కుటుంబం. ఆమె ఫోన్‌లోని మెమొరీ కార్డు తెరుచుకోవడం లేదు. వాళ్ల అత్తగారు బతికుండగా పాడిన నలుగు పాటలు అందులో ఉన్నాయి. నెల్లాళ్లలో కూతురి పెళ్లి. ఇక్కడ పుట్టిన మాలో ఎవరికీ ఆ పాటలు రావు. పిల్లకు నలుగు పెట్టేటప్పుడు ముసలావిడ గొంతే వినిపించాలని పిన్ని ఆశ.

డీప్ స్కాన్ పెట్టాను. అంటే చెరిగిపోయిన ఫైళ్ల జాబితాల కోసం కూడా మూలమూలలా వెతికించడం. సున్నా ఫైళ్లని వచ్చింది. పోయాయని చెప్పేశాను.

"మా తమ్ముడు ఏదో ఫ్రీది ఉన్నాదన్నాడు. ఓపాలి అదీ సూడకూడదా బాబూ?"

ఆ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ పేరు నాకూ తెలుసు. లోపలి కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చేసినది. ఒక్కసారీ తెరిచి చూసిన పాపాన పోలేదు. అయినా నవ్వాను. "ఇంత పెట్టి కొన్నదానికే దొరకనేదు పిన్నీ, ఊరికే వచ్చినదానికి దొరుకుతాదా?" అన్నాను. ఇంట్లో కనబడితే ఏడుపొస్తుందని ఆమె కార్డు నా దగ్గరే వదిలేసి వెళ్లింది.

వానలు మొదలయ్యాక నా లైసెన్సు గడువు తీరింది. కొత్తది కొనేలోగా ఆ ఫ్రీదాన్ని దించుకుని, చచ్చిన కార్డుల డబ్బాలో చేతికందిన కార్డు పెట్టాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు, చూడ్డానికి ఏమీ బాగాలేదు. కానీ నేను కొన్నదానిలా అది ఫైళ్ల జాబితాను నమ్ముకోదు, కార్డును మొదటినుంచి చివరిదాకా చదువుకుంటూ పోతుంది. అరగంటలో పదకొండు పాటలు తీసింది. మొదటిది నొక్కగానే ఓ ముసలావిడ దగ్గి, గొంతు సవరించుకుని నలుగు పాట ఎత్తుకుంది. అది పిన్ని కార్డే.

కొత్త మెషీన్ తెప్పించానని చెబుదామనే కుదుదండ్ బయల్దేరాను. పాట విన్నంతసేపూ పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. ఏటి పెట్టి తీసినావని అడిగింది. ఆ ముఖం చూశాక అబద్ధం నోటికి రాలేదు.

"నువ్వు సెప్పిన ఫ్రీదే పిన్నీ."

"మరి ఆ రోజే సూడలేకపోనావా బాబూ?"

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. లోపలికెళ్లి పెళ్లి ఆల్బమ్ తెచ్చింది. నలుగు ఫొటోలో పిల్ల చుట్టూ ఆడవాళ్లంతా నలుగుపిండి చేతులతో ఉన్నారు. పాటకు ఒక్కరి నోరూ తెరుచుకుని లేదు.

ఇప్పుడు ఆ మేకుకు ఫ్రేము లేదు. ఎవరి కార్డు వచ్చినా ముందు ఫ్రీదే పెడతాను. దానికీ దొరక్కపోతే "నాకు చేతకాలేదు, ఇంకెక్కడైనా చూపించండి" అంటాను. పోయిందని మాత్రం అనను. అది నేను చెప్పాల్సిన మాట కాదని ఆ ఫొటో నేర్పింది.