ఒకే నంబరు, రెండు పిస్తోళ్లు

మా మేనమామ హిరోనిమ్, మా రాదోమ్ ఊళ్లోని తుపాకుల కార్ఖానాలో పిస్తోళ్ల మీద నంబరు కొట్టేవాడు. వీస్ అంటే మా ఊరి పిస్తోలు. రౌతులు ఏరికోరి చేయించుకున్నది. ఒక చేతిలో కళ్లెం ఉన్నా, రెండో చేతి బొటనవేలితో వెనక మీట నొక్కితే చాలు, ఎత్తిన సుత్తి తూటా పేలకుండా దిగిపోతుంది. పిస్తోలు పక్కన మా దేశపు డేగ బొమ్మ. తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది, ఏం చెయ్యను!

జర్మన్లు వచ్చాక డేగ పోయింది. పూర్తి పిస్తోలు మా చేతికి చిక్కుతుందన్న భయంతో తూటా వెళ్లే గొట్టాలు మాత్రం ఇక్కడ చెయ్యనివ్వడం మానేశారు. మావాళ్లేం తక్కువ తిన్నారా? ఒకే నంబరు రెండింటి మీద కొట్టి, ఒకటి జర్మన్లకు చూపి, రెండోది ముక్కలుగా సూప్ క్యారేజీల్లో దాటించేవారు. గొట్టం దొంగచాటుగా వేరేచోట తయారయ్యేది. అంతా అడవిలో దాక్కుని జర్మన్లతో పోరాడుతున్న మావాళ్లకే.

ఒక ఏడు మామయ్య పేరుపండుగ, అంటే అతని పేరుగల పునీతుడి రోజు, వచ్చింది. పుట్టినరోజు ఎవడిక్కావాలి, మాకు అదే పండుగ. పక్క బల్ల దగ్గర పనిచేసే ఫెలిక్స్, "పోరా ఇంటికి, చుట్టాలొస్తారు. నీ నంబర్లు నేను కొడతాలే. నా వాటా వోడ్కా మాత్రం తాగి చావకు" అన్నాడు. మర్నాడు మామయ్య పనిలోకొచ్చి, ముందురోజు ఫెలిక్స్ కొట్టిన నంబర్లలో ఒకదాన్నే దాటించాల్సిన రెండో పిస్తోలు మీద కొట్టాడు.

ఆ రెండోది జర్మన్లకు దొరికింది. రిజిస్టరులో ఆ నంబరు ఎదుట ఫెలిక్స్ పేరుంది. అతన్ని అందరి ముందూ ఉరితీశారు. మామయ్య నోరు మెదపలేదు. చెబితే ఇద్దరమూ పోయేవాళ్లమని నాతో ఒకసారి అన్నాడు. నిజమే కావచ్చు. కానీ ఆ తర్వాత ప్రతి పేరుపండుగకూ ఖాళీ గుమ్మం వంక చూసి, నాతో "ఫెలిక్స్ వచ్చాడే, కుర్చీ వెయ్యి" అనేవాడు. నాకు భయమూ వేసేది, కోపమూ వచ్చేది. చివరికి పండుగే మానేశాం.

ఫెలిక్స్ పోయిన ఇరవయ్యో ఏట, అదే పేరుపండుగ రోజున, అతని భార్య బ్రోనిస్వావా గసగసాల కేకు పట్టుకుని వచ్చింది.

"ఏం అన్నయ్యా, అసలు పేరే లేనివాడిలా కూర్చున్నావు?"

మామయ్య లేచి నిలబడ్డాడు. "చెల్లెమ్మా, ఆ రెండో నంబరు కొట్టింది నేనే."

"తెలుసు." ఆమె శాలువా కూడా తీయలేదు. "పట్టుకుపోవడానికి ఇంటికొచ్చిన పోలీసులు నంబరు చదవగానే ఆయనకు అర్థమైపోయింది. గుమ్మంలో నా చెవిలో చెప్పాడు. 'ఇది హిరోనిమ్ పని. నాకు తెలిసిందని వాడితో అనకు, పాపం బతకలేడు' అన్నాడు. నేను అనలేదు. ఇరవై ఏళ్లు నోరు కుట్టేసుకున్నాను. మరి నువ్వు బతికావా అన్నయ్యా?"

మామయ్య తల అడ్డంగా ఊపాడు.