ఎడ్లబండిని చూడని లైటు

తాడ్వాయి నుంచి కామారెడ్డి గంజు మార్కెట్టుకు బెల్లం బండ్లు పోయే కాలంలో ముంగటి బండి ఎప్పుడూ గఫూర్‌దే. ఎవరో పిలిచి కట్టబెట్టిన పదవి కాదది. తండ్రి తోలాడు, ఆయన తర్వాత కొడుకు తోలాడు. ఆ ఎడ్లకు దారి తెలుసు, గఫూర్‌కు ఎడ్లు తెలుసు. వెనక బండ్లలో ఉన్న మనుషులకు మాత్రం ఆ వేళ ఏమీ తెలియదు. వాళ్లు నిద్రలో ఉంటారు.

ఆ నిద్ర సంగతి చెప్పకుండా గఫూర్ సంగతి చెప్పలేం. చెరకు ఆడే నెలల్లో బెల్లం పెనం కింద మంట ఆరదు. పొయ్యిలోకి పిప్పి తోసేదీ, రసం కలియబెట్టేదీ, పాకం దించేదీ, తెల్లారకముందే ముద్దలు బండికెత్తేదీ అదే మనుషులు. బండి కదిలాక గంజు చేరేదాకా పడే కునుకే వాళ్ల నిద్ర. ముందు బండి పోతుంటే వెనక ఎడ్లు దాన్ని పట్టుకుని నడుస్తాయి. ముంగటివాడొక్కడు మేలుకుంటే చాలు, వరుసంతా పడుకోవచ్చు. అందుకే ఊళ్లో గఫూర్‌కు అంత మర్యాద. అందరి నిద్రకూ అతను కాపలా.

ఎల్లారెడ్డి రోడ్డు వచ్చి పెద్దరోడ్డును దాటే చౌరస్తాలో కానిస్టేబుల్ భూమేశ్ ఉండేవాడు. బండ్ల వరుస కనబడగానే లారీలకు చేయి అడ్డం పెట్టేవాడు. చివరి బండి దాటేదాకా దించేవాడు కాదు. లారీ డ్రైవర్లు తిట్టుకుంటూ బీడీ ముట్టించుకునేవారు. బీడీ అయిపోయేలోగా వరుస దాటిపోయేది. గంజులో హర్రాజు పాట మొదలయ్యేసరికి బెల్లం సేట్ల ముందు ఉండేది.

తొంభైల మొదట్లో ఆ చౌరస్తాకు లైటు వచ్చింది. మామూలు లైటు కాదు, తెలివిగల లైటు అన్నారు. చిన్న ఊళ్లలో రద్దీ తగ్గించడానికి ప్రయోగమట. పరదేశపు అప్పుతో ఒక కంపెనీ వచ్చి రోడ్డు తవ్వి తీగలు పాతిపెట్టింది. పెద్దమనుషులు రిబ్బన్ కత్తిరించి, ఫోటో దిగి, జీపులెక్కి పోయారు.

మరునాడు గఫూర్ బండ్లు చౌరస్తాకు వచ్చి ఆగాయి. ఎర్రలైటు. ఎంతసేపైనా అది ఎర్రగానే ఉంది. పెద్దరోడ్డు మీద ఒక్క లారీ కూడా లేదు, అయినా ఎర్రగానే ఉంది. భూమేశ్ గొడుగు కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“ఏంది భూమేశూ, ఇది నిద్రపోయిందా?” గఫూర్ అడిగాడు.

“నిద్ర గాదు భాయ్. రోడ్డు కింద తీగ ఉన్నది. మీదికి ఇనుప బండి వస్తెనే దానికి ఎరుకైతది. అప్పుడు పచ్చగయితది.”

“మరి మేము వచ్చినం గదా?”

“మీది కట్టెబండి, రబ్బరు టైర్లు. దానికి మీరు కనబడరు.”

“కనబడకపోనీకి మేమేమన్న దయ్యాలమా?”

“నన్నేం జేయమంటవు? చెయ్యి ఎత్తొద్దన్నరు. ఎత్తితే దాని లెక్క తప్పుతదట.”

చివరికి ఎల్లారెడ్డి బస్సు వచ్చి, హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి తీగ మీదికి తోసుకొచ్చింది. వెంటనే పచ్చలైటు. బస్సు దాటింది, గఫూర్ బండి దాటింది, మళ్లీ ఎరుపు. మిగతా వరుస ఇంకో బస్సు కోసం ఎదురుచూసింది. ఎల్లారెడ్డి బస్సు ఎంత ఆలస్యంగా వస్తుందో ఆ రోడ్డు మీద ఎక్కినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బండ్లన్నీ గంజు చేరేసరికి హర్రాజు ముగిసింది. ఆ తర్వాత వచ్చిన బెల్లానికి సేటు నోట్లోంచి ఏది వస్తే అదే ధర.

రోజూ ఇదే తంతు. రెండో బండి తోలేది తండా నుంచి వచ్చే చంద్రి. ఆమె మొగుడు భీక్యా ముద్దల మీద గోనెపట్టా కప్పుకుని గురకపెట్టేవాడు. ఒకనాడు ఎర్రలైటు ముందు నిలబడి విసిగిపోయి ఆమె అన్నది: “దానికి ఇనుమే గావాల్నంటే పెనం కట్టుకరా అన్నా. మా భీక్యా కన్న పెనమే నయం, కొడితె పలుకుతది.”

అందరూ నవ్వారు. గఫూర్ నవ్వలేదు. ఇంటికి పోయి, చిల్లుపడి మూలన పడేసిన పెద్ద పెనాన్ని దొర్లించుకొచ్చి బండి కింద తాళ్లతో వేలాడగట్టాడు. భార్య హమీదున్నీసా నెత్తి కొట్టుకుంది: “ఎడ్లకు ఈ బరువేంది? లైటుకు లంచమా?”

“గట్లనే అనుకో” అన్నాడు.

పొద్దున చౌరస్తాలో పెనం తీగ మీదికి రాగానే లైటు పచ్చబడింది. గఫూర్ గుండె పొంగింది. “చూసినవా చంద్రీ! కనబడ్డం!” అని అరిచి ఎడ్లను అదిలించాడు. అక్కడే అతను తప్పు చేశాడు. లైటు ఒక్క బండినే చూసింది, ఒక్క బండికే దారి ఇచ్చింది. వెనక వరుస ఉందని దానికి తెలియదు. బస్సు వెంట రోజూ తెగినట్టే ఇప్పుడూ వరుస తెగుతుందని ఆ సంబరంలో గఫూర్‌కు తోచలేదు. అతని ఎరుకలో బండి అంటే వరుసే, ఒక్క బండి అనేది లేనే లేదు. చంద్రి ఎలాగో అతని వెంటే దాటింది. మూడోది కిష్టయ్య బండి. కిష్టయ్య నిద్రలో ఉన్నాడు. ముందు బండి పోయింది కాబట్టి ఎడ్లు పోయాయి. తన వైపు పచ్చలైటు చూసుకుని నిజామాబాద్ వైపు నుంచి లారీ వచ్చింది.

కిష్టయ్య పగిలిన బెల్లం ముద్దల మధ్య రోడ్డు మీద కళ్లు తెరిచాడు. అతనికి మోచేతులు దోక్కుపోయాయి. కుడివైపు ఎద్దుకు ముందుకాళ్లు విరిగాయి. అది మళ్లీ లేవలేదు.

లైటు చూసుకునే ఇంజనీరు దగ్గరికి గఫూర్ పోయాడు. “పెనం కట్టుడు నా తప్పే సారూ. కానీ మా బండ్లకు దారి చూపియ్యండ్రి. బెల్లం నెలలల్ల పొద్దుగాల భూమేశును చెయ్యి ఎత్తనియ్యండ్రి.”

“అలా ఎత్తితే ఇంత సిస్టం ఎందుకయ్యా? డ్రైవర్లు మెలకువగా ఉండాలి కదా. బండిలో పడుకుంటారా ఎవరైనా?”

“రాత్రంత పొయ్యికాడ ఉన్నోళ్లు ఎప్పుడు పండాలె?”

“అది నా డిపార్ట్‌మెంటు కాదు.”

ఎవరి డిపార్ట్‌మెంటో గఫూర్ అడిగాడు. ఇంజనీరు ఫోను ఎత్తాడు. నాలుగు రోజులు తిరగకముందే ఉత్తర్వు వచ్చింది: ఎడ్లబండ్ల వల్ల ప్రమాదాలు జరుగుతున్నందున మధ్యాహ్నం దాకా అవి చౌరస్తాలోకి రాకూడదు. మధ్యాహ్నానికి గంజులో ఊడ్చిన నేల తప్ప ఏమీ మిగలదు. బెల్లం లేనిది ఊరు లేదని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లు కార్లలో తిరుగుతారు. లైటుకు వాళ్లు కనబడతారు.

ఉత్తర్వు తెలిసినా మరునాడు గఫూర్ వరుస తోలుకొచ్చాడు. చౌరస్తా ముందు ఆపి, వెనక్కి నడిచి అందరినీ లేపుదామనుకున్నాడు. కిష్టయ్య అరువు ఎద్దును కట్టుకుని వచ్చి, నోరు తెరిచి పడుకున్నాడు. అరచేతుల్లో పాకం చింది పడ్డ బొబ్బలు. లేపడానికి గఫూర్‌కు చేతులు రాలేదు.

“లేపుతవా అన్నా?” చంద్రి అడిగింది.

“లేప. నువ్వు నా బండెక్కు. నీ ఎడ్లు ఎనక అవ్వే వస్తయి. సక్కగ గంజుకు పో, ఆగకు.”

పగ్గాలు ఆమె చేతికిచ్చి, అతను నడిచిపోయి పెద్దరోడ్డు మధ్యలో లారీకి ఎదురుగా చేయి ఎత్తి నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి. తిట్లు, హారన్లు. అటువైపు మరో లారీ, బస్సు, దాని వెనక ఒక అంబాసిడరు. గఫూర్ చేయి దించలేదు. వెనక బండ్లు ఒక్కొక్కటే దాటుతున్నాయి. కిష్టయ్య దాటాడు. భీక్యా గురక దాటింది. ఎవరూ కళ్లు తెరవలేదు.

చివరి బండి దాటాక భూమేశ్ వచ్చి భుజం మీద చేయి వేశాడు. “ఏంది భాయ్, నా నౌకరి నువ్వు జేస్తవా? నడువు ఠాణాకు.”

“హర్రాజు షురువైందా?”

“ఇంకా కాలే. నడువు, నాకు గుడ మాట వస్తది.”

సాయంత్రం దాకా ఠాణా అరుగు మీద కూర్చోబెట్టారు. హమీదున్నీసా రొట్టెలు మూట కట్టుకుని బస్సులో వచ్చింది. బెల్లమంతా హర్రాజులో పోయిందని చెప్పింది.

“రేపు నన్ను రానియ్యరు గావచ్చు” అన్నాడు గఫూర్.

“రేపు చంద్రి నిలబడ్తదట. ఎల్లుండి కిష్టయ్య. ఊళ్లె మాట్లాడుకున్నరు.”

గఫూర్ రొట్టె తుంచి, తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు. అతనికి సంతోషం కాలేదు, కోపం వచ్చింది. “బెల్లం వండుడు ఒక పని, తోలుడు ఒక పని. ఇగ లారీలకు అడ్డం నిలబడుడు గుడ మన పనేనా? గట్లయితే ఆ నిలబడెటోళ్లు ఎప్పుడు పండాలె?”

హమీదున్నీసా మూటలోంచి ఇంకో రొట్టె తీసి అతని ముందు పెట్టింది. “తిను” అన్నది.