గోడవైపు తిరిగిన చీటీలు

మొన్న సోమవారం ఉదయం సాలూరులో మా ఇంటావిడ చనిపోయింది. చర్చి కరపత్రంలో ప్రభువునందు నిద్రించిందని వేశారు. మతిమరుపు తీసుకుపోయిందని బంధువులు అంటున్నారు. అందులో నా వంతు కూడా ఉంది.

ఆమె పాచిపెంట మీది కొండ ఊళ్లో అంగన్‌వాడీ నడిపింది. పిల్లల్ని తూస్తూ తల్లులతో ఆదివాసీ ఒడియాలో పరాచికాలాడేది. నేను బడిపంతుల్ని. ఆ భాష నేర్చుకోలేదు. రిటైరయ్యాక కూడా ఆమె వారం వారం సంతకు వెళ్లేది. కొనేది తక్కువ. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టల పక్కన కూర్చుని, ఎవరి గుంట ఏ క్లాసుకొచ్చిందో అడిగేది.

ఒక వారం వేరే ఊరి ఆటో ఎక్కేసింది. సాయంత్రం ఎవరో ఇంటికి చేర్చారు. నేను సంత మాన్పించాను. ఆసుపత్రి దగ్గరని సాలూరుకు కాపురం మార్చాను. వంటింటి డబ్బాలకు చీటీలు అంటించాను: ఉప్పు, పంచదార, కారం.

"ఉప్పేదో నాకు తెల్దేటి? డబ్బా ఊపితే సప్పుడే సెప్తాది" అంది.

చీటీల్ని రోజూ గోడవైపు తిప్పేది. నేను మళ్లీ ఇటు తిప్పేవాణ్ని.

డాక్టరు ఆమెను ఇవాళ ఏం వారమని అడిగారు. నేను చెప్పాను. పొద్దున ఏం తిన్నారని అడిగారు. అదీ నేనే చెప్పాను. "మాస్టారూ, నేనడిగింది ఆవిణ్ని" అన్నారాయన. మందులు రాసి, నలుగురిలో తిరగనివ్వమన్నారు. మందులు వేళకు వేశాను.

బయటికొచ్చాక ఆమె నవ్వింది. "నా బుర్ర కూడా మీరే మోసేత్తన్నారు. ఇంక నాకేటి పని?"

తర్వాత మాట తగ్గించేసింది. ఒకసారి కొండ మీది నుంచి ఒక తల్లి సామలు పట్టుకుని వచ్చింది. ఇద్దరూ గంటసేపు ఒడియాలో మాట్లాడుకున్నారు. ఏమంటోందని ఆ తల్లిని అడిగాను. తను తూచిన పిల్లల పేర్లు వరసగా చెబుతోందట. ఒక్కటీ తప్పలేదట. వెళ్తూ ఆ తల్లి, "టీచరమ్మని సంతకి పంపండి సార్, మేం సూసుకుంటాం" అంది. వానలు తగ్గాక అన్నాను.

వానలు తగ్గాయి. మళ్లీ తప్పిపోతుందని భయపడి పంపలేదు. పంపితే ఆమె మతి నిలిచేదో లేదో ఎవరూ చెప్పలేరు. నేను నిలవనిచ్చి చూడలేదు, అంతే.

ఒకరోజు చీటీలు ఇటువైపే ఉండిపోయాయి. మర్నాడూ అంతే. ఆఖరి మూడు నెలలూ ఆమె నన్ను సార్ అని పిలిచింది.

సమాధి దగ్గర నుంచి వచ్చాక చీటీలన్నీ గోడవైపు తిప్పాను. పొద్దున టీకి పంచదార కోసం డబ్బాలు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాను. చప్పుడులో తేడా నాకింకా తెలియడం లేదు.