ఉప్పు చల్లిన ఐసులో గ్రోత్ ఫ్యాక్టర్

మొన్న మా ఆయన ఇన్సులిన్ థర్మాకోల్ పెట్టెలో, చల్లని జెల్ ప్యాకెట్ల మధ్య పదిలంగా ఇంటికొచ్చింది. మూత తీయగానే ఆ చలవ చేతికి తగిలి, మనసు తొంభైల చివరి రోజులకి, విశాఖ ఫిషింగ్ హార్బరు ఐసు దగ్గరికి పరుగెత్తింది.

నేనప్పుడు పరిశోధన చేస్తున్నాను. చేపల వేటకెళ్ళే ఇంటి పిల్ల మెదడు కణాలు పెంచడమేం చోద్యమని మా మేనత్త బుగ్గలు నొక్కుకునేది. కోడిగుడ్డు పిండం నుంచి తీసిన మెదడు కణాల్ని గాజు గిన్నెల్లో పెంచి, కొన్నింటికి మాంగనీసు విషం ఒక్కటే, కొన్నింటికి ముందు గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీను ఇచ్చి ఆ తర్వాత విషం కలపడం నా పని. కణాలు పెరగడానికి తోడ్పడే ఆ ప్రోటీను వాటిని విషం నుంచి కూడా కాపాడుతుందా అన్నదే మా ఆత్రం. నెలల తరబడి ఎదురుచూస్తే వచ్చింది ఒక్క చిన్న సీసా. ఒకసారి కరిగించాక చల్లగా ఉంచాలి, మళ్ళీ గడ్డకడితే పాడైపోతుందని మా గైడు ముందే హెచ్చరించారు. అది పోతే నా చదువూ గంగలో కలిసినట్టే.

సరిగ్గా కరిగించిన రోజే తుపాను గాలికి కరెంటు పోయింది. కబురు పెడితే మా నాన్న చేపల బుట్ట నిండా ఐసు నింపి, గోనె కప్పి, ఆటోలో వచ్చేశాడు. సీసా ఆయనకిచ్చి నేను గిన్నెలు చూసుకుని వచ్చేసరికి, వంజరం చేపకి చేసినట్టే, ఇంకా చల్లబడాలని ఐసు మీద గుప్పెడు ఉప్పు చల్లేశాడు. ఉప్పు పడితే ఐసు సున్నా డిగ్రీల కన్నా చల్లబడి సీసాలోది గడ్డకట్టేస్తుంది. లాగి చూస్తే అంచున సన్నటి మంచు పొర కట్టింది, లోపలింకా నీరుగానే ఉంది. నాన్న మీద గయ్యిమన్నాను. ఆయన ఉప్పు ఐసు పారబోసి, అడుగునున్న మంచి ఐసు సర్ది, కరెంటు వచ్చేదాకా పక్కనే కూచున్నాడు.

భయపడుతూనే ఆ సీసాతో ప్రయోగం చేశాను. మూడో రోజు మైక్రోస్కోపులో చూద్దును కదా, విషం ఒక్కటే తగిలిన కణాలు ముడుచుకుపోయాయి, గ్రోత్ ఫ్యాక్టర్ అందినవి మాత్రం చాలావరకు సన్నని కొమ్మలు చాపుకుని నిక్షేపంలా ఉన్నాయి. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. హార్బరుకి పరుగెత్తి, ఒంటి మీద చేపల వాసనతోనే నాన్నని లాక్కొచ్చి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "ఇవి బతికేసేయమ్మా" అన్నాడు, తనే వాటిని వలలో పట్టినంత సంబరంగా.

గాజు గిన్నెలో గెలిచిన గెలుపు మనిషి మెదడు దాకా చేరడానికి ఎంత దూరముందో అప్పుడు తెలియలేదు. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బుతో నాన్న నా పేరే మరిచిపోయాడు. కానీ కరెంటు పోయిందంటే చాలు, కంగారుగా నావైపు తిరిగి, "సీసా ఐసులో ఎట్టేవా? ఉప్పెయ్యకమ్మా" అనేవాడు. ఆ రోజు అరిచినందుకు నేనాయన్ని క్షమించమని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు కరెంటు పోతే క్షణంలో జనరేటరు వచ్చేస్తుంది, నేను మాత్రం ఆ మాట కోసం ఇంకా చెవి ఒగ్గుతూనే ఉంటాను.