ఎర్రముక్కు పురుగూ, మా చిన్నాయనా

పాఠక మహాశయులకు ముందే చేతులెత్తి మొక్కి క్షమాపణ వేడుకుంటున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కాస్త కవిత్వం, కాస్త కన్నీరు, ఎక్కడో ఒకచోట ఒక గొప్ప అబద్ధం ఉండాలట. నా దగ్గర పురుగు తప్ప ఏమీ లేదు. మా చిన్నాయన పోయిన వారం కడప ఆసుపత్రిలో గుండె ఆగి చనిపోయాడు. నేనప్పుడు తోటలో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి, "చిన్నాయన పోయినాడురా. మోటరు ఆపేసి ఇంటికి రా" అంది. అంత ఏడుపులోనూ మోటరు సంగతి మరవలేదు. మా ఇంటి ఆడవాళ్లు అంతే.

వేంపల్లె అవతల మా ఊళ్లో అందరివీ చీనీ తోటలు, అదే బత్తాయి. చిన్నాయన ఒక్కడే ఖర్జూరం పెట్టాడు.

"ఏమప్పా, ఒంటెలను కూడా తెస్తాండావా?" అని ఊరు నవ్వింది.

"ఎండ ఆడా ఉండాది, ఈడా ఉండాది. చెట్టుకేం తెలుసు ఇది ఏ దేశమో" అనేవాడు.

చెట్లు నిజంగానే ఎదిగాయి. ముళ్లకు భయపడి ఎవరూ ఎక్కలేనంత ఎదిగాయి. అప్పుడు ఆయన ఇనుప పైపులతో పొడవాటి నిచ్చెన చేయించాడు. చీనీ చెట్లకు నిచ్చెనతో పనేముంది? ఊరు మొత్తానికి అలాంటిది అదొక్కటే.

మా చర్చిలో ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారానికి అంతవరకూ వాగువంకలోని ఈత మట్టలే తెచ్చేవారు. చిన్నాయనకు అది నచ్చలేదు. "యేసయ్యకు ఎదురుపోయినోళ్లు పట్టుకునింది ఖర్జూరం మట్టలు. మన తోటలో ఉండంగా ఈతవేంది?" అన్నాడు. ముందురోజు తానే నిచ్చెన ఎక్కి, చెట్టు చెట్టుకూ పచ్చి మట్టలు కోసేవాడు. పసిపిల్లకొకటి, ముసలమ్మకొకటి. మర్నాడు ఊరేగింపు వెనకాల నడిచే ఆయన ముఖం చూస్తే, ఆనాడు గాడిదనెక్కి వచ్చిన యేసయ్య ఈయనేనేమో అనిపించేది.

పచ్చి గాయం వాసన ఎర్రముక్కు పురుగుకు పెళ్లి పిలుపని మాకెవరికీ తెలియదు. అది ఆ గాయంలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు మానులోపల గుజ్జంతా తింటాయి. పైన చెట్టు పచ్చగా నవ్వుతూనే ఉంటుంది. ఒకరోజు మొవ్వు పక్కకు వాలుతుంది, అంతే.

ఉద్యాన శాఖ ఆఫీసరు వచ్చి, "మట్టలు ఎప్పుడు కోశారు?" అని అడిగాడు.

"మట్టల ఆదివారానికి సార్. దేవునికి" అన్నాడు చిన్నాయన, గర్వంగా.

ఆఫీసరు చీడ పట్టిన మానును తట్టాడు. "కోసినచోట మందు పూయాల్సిందయ్యా" అన్నాడు.

ఆ సాయంత్రం చిన్నాయన నిచ్చెన ఎక్కి, తాను కోసిన గాయాలన్నీ తడిమి చూశాడు. తర్వాత, "దేవుని పేరు జెప్పి పురుక్కు తలుపు తీసినా కదరా" అన్నాడు.

"పురుగు కూడా ఆయన సృష్టే కదా చిన్నాయనా" అన్నాను.

"నీ నోట్లో మన్ను బొయ్య" అని తిట్టాడు గానీ, నవ్వాడు.

మాన్లకు రంధ్రాలు వేసి మందు పోశాం. బంకమట్టితో మూశాం. పురుగుల్ని రప్పించే వాసన బిళ్లలు పెట్టిన బకెట్లు కట్టాం. వాటిలో పడ్డ పురుగుల్ని చూసి మురిసిపోయాం. లోపల ఉన్నవి లోపలే ఉన్నాయి. రోజూ పొద్దున చిన్నాయన మానుకు చెవి ఆనించేవాడు. నన్నూ వినమనేవాడు.

"ఏం ఇనపడతాండాది?"

"ఎవరో మురుకులు నములుతున్నట్టుంది."

"నమలనీ. మనమేం జేస్తాం."

ఒక్కొక్కటే నరికి కాల్చాం. మంట దగ్గర చిన్నమ్మ ఏడ్చింది. ఆయన పొగ తన మీదికే వస్తున్నా పక్కకు జరగలేదు. చివరికి పడమటి గట్టున కాసిని చెట్లు మిగిలాయి. వాటికి కత్తి తగలకూడదని ఆనపెట్టాడు. ఈ ఏడు మట్టలకోసం పిల్లలు గేటు దగ్గరికొస్తే, తానే వంకకు పోయి ఈత మట్టలు కోసుకొచ్చాడు. "దేవుడు సర్దుకుంటాడులే" అన్నాడు.

ఆయన శవపెట్టె ఇంటికొచ్చేసరికి చర్చి అంతా వాకిట్లో ఉంది. "ఊరికంతా మట్టలిచ్చిన మనిషి. పెట్టె నిండా ఖర్జూరం మట్టలు పరచాల" అన్నారెవరో. పాస్టరయ్య తలూపాడు. చిన్నమ్మకు వద్దనే ఓపిక లేదు.

"వద్దన్నా, పచ్చి మట్ట కోస్తే పురుగొస్తాది" అన్నాను నేను.

"పెద్దమనిషి సచ్చిపోతే పురుగు గురించి మాట్లాడతాండావే, సదువుకున్యావు కదరా!" అని కసిరారు.

నేను ఏ మాట అన్నా తమాషాకే అంటానని ఊరంతా ఎరుగుదురు. వాళ్లు ప్రేమతోనే అడిగారు. చిన్నాయన కోసిందీ ప్రేమతోనే.

కుర్రాళ్లు నిచ్చెన కోసం తోటంతా వెతికారు. షెడ్డులో లేదు, గట్టు మీద లేదు. ఎండ ఎక్కుతోంది. "రైతు ఇంట్లో నిచ్చెన కూడా లేకపాయె" అని సణిగి, బంతిపూలతోనే పెట్టె ఎత్తారు. తోట పక్కగా పోతుంటే గట్టు మీది చెట్లు నిండు మట్టలతో ఊగుతున్నాయి. లోపల ఏం జరుగుతోందో నాకు తెలియదు.

వాళ్లు వాకిట్లో వాదులాడుతుండగా బండేసుకుని తోటకు పోయి, ఆ నిచ్చెనను ఎండిపోయిన పాత బావిలోకి తోసింది నేనే.