గాడిదలపల్లె తరఫున నేను మాట్లాడిన రోజు

అర నిమిషం వాయిస్ మెసేజ్‌తో పుట్టిన ఊరినీ, పక్క మంచం వాళ్లనూ ఒకేసారి దూరం చేసుకోవడం ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, మా ఊరు ఇప్పటికే నవ్వి అలసిపోయింది.

మాది జగిత్యాల దగ్గర గాడిదలపల్లె. బహ్రెయిన్‌లో ఫిట్టర్‌గా చేరిన కొత్తలో ఆ పేరు చెప్పాలంటే నాకు చచ్చేంత సిగ్గు. అందుకే పేరును ‘స్వర్ణపురం’గా మారుద్దామన్న మాట రాగానే గాల్లో తేలిపోయాను.

సర్పంచి ఫోన్ చేశాడు. "సీనూ, శుక్రవారం గ్రామసభ ఉంది. ఆడున్న మనోళ్లందర్ని అడిగి, ఏమంటరో మెసేజ్ పెట్టు."

ఇక్కడ సిత్రా లేబర్ క్యాంపులో మా ఊరివాళ్లం పదకొండు మందిమి. అడగడానికి పది నిమిషాలు చాలు. నేను ఒక్కరినీ అడగలేదు. గొంతు గంభీరంగా పలుకుతుందని బాత్‌రూంలో తలుపేసుకుని, మంత్రిగారిలా దంచాను. "ఈడున్న మేమందరం ఒక్క మాట మీదున్నం. ఈ గాడిద పేరు మాకొద్దు!"

శుక్రవారం అందరం బిర్యానీ ముందు కూర్చున్నాం. ఇరవై ఏళ్లుగా ఇక్కడ బండి నడుపుతున్న యాకూబ్ చిచ్చాకు భార్య ఫోన్ చేసింది. చిచ్చా స్పీకర్ పెట్టాడు.

"ఊరి పేరు వద్దన్నరంట! సభల మైకు పెట్టి వినిపిస్తున్నరు. ఎవరన్నరది?"

వెనక నా గొంతు ఖంగుమంటోంది. పది జతల కళ్లు నా మీద పడ్డాయి. పంటికింద ఏలక్కాయలా దొరికిపోయాను.

"మమ్మల్ని అడిగినవారా?" అన్నాడు చిచ్చా.

"అడుగుదామనే అనుకున్న చిచ్చా..."

"ఎప్పుడు? పేరు మారినంకనా?"

అందరూ నవ్వారు. చిచ్చా నవ్వలేదు. "మా అమ్మ పోయినప్పుడు నాకు లీవు దొరకలే. ఈ మంచం మీదనే కూసొని ఊరి పేరు తలుసుకుంట ఏడ్సిన. అది గూడ తీసేస్తే ఇగ నేను ఏమని తలుసుకోవాలె బిడ్డా?"

అప్పటికప్పుడు ఒక్కొక్కరినీ అడిగాను. ఆరుగురు పాత పేరే ఉండాలన్నారు, ముగ్గురు మార్చమన్నారు, ఒకడు ముందు తిననివ్వమన్నాడు. అదంతా ఉన్నదున్నట్టు సర్పంచికి ఇంకో వాయిస్ మెసేజ్‌లో చెప్పి, చివర కలిపాను. "మొదటిది నా ఒక్కని మాట. తప్పయింది. నేను గూడ గాడిదలపల్లోణ్నే."

కాసేపటికి సర్పంచి ఫోను. "సభంత చప్పట్లు కొట్టిర్రు సీనూ! పాత పేరే ఖాయం. మీ అమ్మనే మైకు గుంజుకొని తేల్చింది."

"ఏమన్నది?"

"‘పేరు మార్చకుర్రి, మా వానికి మంచిగ సరిపోయింది’ అన్నది."

చిచ్చా పగలబడి నవ్వి, తన పళ్లెంలోని పెద్ద ముక్క నా పళ్లెంలో వేశాడు.

ఆ ముక్క సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక జన్మలో ఇంకొకరి తరఫున మాట్లాడను. నా తరఫున మాట్లాడాలన్నా, మా అమ్మ చుట్టుపక్కల లేదని తెలుసుకున్నాకే నోరు విప్పుతాను.